ఒక ఇంట పలు విద్యుద్వాహనములు: కరెంటు వంతుల ఏర్పాటు

మన సంఘ సభ్యుల యిండ్లలో కరెంటుతో నడచు బండ్లు నానాటికి హెచ్చుచున్నవి. మొదట ఒక స్కూటరు వచ్చును. దాని ఖర్చు స్వల్పమని తెలిసిన పిదప కుమారునికొక స్కూటరు, కూరగాయలును పాలును మెదకు పట్టణమునకు చేర్చుట కొక సరకు ఆటో, కొందరి యిండ్లలో చిన్న కారును చేరుచున్నవి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ఇట్టి వాహనములకు 2026 డిసెంబరు 31వ తేది వరకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుట ఈ వృద్ధికి తోడ్పడినది.

బండ్లు పెరిగినవి గాని యింటి వైరింగు పెరుగలేదు. నాలుగు దీపములకును రెండు పంకాలకును వేసిన తీగపై నాలుగు బండ్ల భారము పడుచున్నది. ఇందువలన మూడు విధములైన నష్టములు కలుగుచున్నవి. ఒకటి అగ్నిభయము. రెండవది హద్దు మీరిన బిల్లు. మూడవది బోరు మోటారు కరెంటును బండ్లకు మరల్చుటవలన కలుగు ప్రాణాపాయమును, దండనయు. ఈ మూడును తప్పించుకొనదగినవే. అందులకు అధికముగా సొమ్ము వెచ్చింప నక్కరలేదు. క్రమము కావలెను.

ఆ క్రమమును మన రైతులకు క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. చెరువు క్రింద సేద్యము చేయువారికి నీటివంతు తెలియును. తూము ఒక్కటే, మడులు పెక్కు. అందరును ఒక్కమారు మడవలు తీసినచో ఏ మడికిని నీరు చాలదు, కాలువ గట్టు తెగును. నీరటి ఒకరి పిదప ఒకరికి నీరు విడుచును గనుక అదే తూముతో ఆయకట్టంతయు తడియుచున్నది. ఇంటి మీటరు తూము వంటిది, బండ్లు మడుల వంటివి. తూమును పగులగొట్టి పెద్దది చేయుటకు ముందు వంతులు పెట్టి చూడవలెనని మా సలహా.

1. మొదట లెక్క వేయుడు

బండిని కొన్నప్పుడు రెండు అంకెలు తెలిసికొనవలెను. బ్యాటరీలో ఎన్ని యూనిట్లు పట్టునో మొదటి అంకె. ఛార్జరు ఒక్కసారిగా ఎంత కరెంటు లాగునో రెండవ అంకె. మొదటిది బిల్లునకు సంబంధించినది, రెండవది తీగకు సంబంధించినది. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలననే పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి.

స్కూటరు బ్యాటరీలో సామాన్యముగా 2 మొదలు 4 యూనిట్లు పట్టును. మూడు చక్రముల ఆటోలో 7 యూనిట్లును అంతకు పైనను, చిన్న కారులో 19 మొదలు 24 యూనిట్లును పట్టును. స్కూటరు ఛార్జరు ముప్పాతిక కిలోవాటు, ఆటో ఛార్జరు సుమారు 2 కిలోవాట్లు, కారుతో వచ్చు 15 ఆంపియర్ల ప్లగ్గు ఛార్జరు సుమారు 3.3 కిలోవాట్లు లాగును. గోడకు బిగించు పెద్ద ఛార్జరు 7.2 కిలోవాట్లు లాగును. రాత్రియంతయు బండి ఇంటనే నిలుచువారికి ఈ పెద్ద యంత్రము సామాన్యముగా అవసరము లేదు.

రెండు స్కూటర్లు, ఒక ఆటో, ఒక చిన్న కారు గల యింటిని ఉదాహరణముగా గైకొందము. నాలుగును ఒక్కమారు ఛార్జికి పెట్టినచో 6.8 కిలోవాట్ల భారము పడును. అనగా 230 వోల్టుల వద్ద సుమారు 30 ఆంపియర్లు. దీనికి ఫ్రిజ్జు, పంకాలు, దీపములు, నీళ్ల మోటారు కలిపి మరి ఒకటిన్నర కిలోవాటు చేర్చినచో 36 ఆంపియర్లగును. గ్రామములలోని పెక్కు యిండ్లకు మంజూరైన లోడు ఒకటి రెండు కిలోవాట్లకు మించదు. అట్టి యింట సంధ్యవేళ నాలుగు బండ్లను ఒక్కసారిగా తగిలించినచో ఫ్యూజు పోవుట, మీటరు వద్ద తీగ కాలుట, వీధిలోని దీపములన్నియు మసకబారుట వింత కాదు. యాసంగిలో మోటార్లన్నియు నడచు వేళ వోల్టేజి తగ్గియుండును గనుక ఇబ్బంది మరింత హెచ్చగును.

2. వంతుల పట్టిక

పై యింటివారు రోజునకు ఎంత కరెంటు వాడుదురో చూతము. ఒక్కొక్క స్కూటరు ముప్పది కిలోమీటర్లు తిరిగినచో సుమారు 1 యూనిటు ఖర్చగును. ఆటోకు 5 యూనిట్లు, కారుకు 4 యూనిట్లు అనుకొందము. ఛార్జరు వేడియగుటవలన నూటికి పదునైదు వంతులు వృథాయగునని చేర్చినచో మీటరుపై నాలుగింటికి కలిపి 12.65 యూనిట్లు పడును. ఇంతియే. బ్యాటరీ ప్రతిదినము అడుగంటదు గనుక ప్రతిరాత్రి నింపవలసినది స్వల్పము. ఒక్కొక్క స్కూటరునకు గంటన్నర, ఆటోకు మూడు గంటలు, కారుకు గంటన్నర చాలును.

కావున పట్టిక ఇట్లుండవచ్చును:

సాయంకాలము 7 మొదలు 9 వరకు: రెండు స్కూటర్లు (1.5 కిలోవాట్లు).
రాత్రి 9 మొదలు 12 వరకు: ఆటో (2 కిలోవాట్లు).
రాత్రి 1 మొదలు 3 వరకు: కారు (3.3 కిలోవాట్లు).

ఇట్లు చేసినచో బండ్ల భారము ఏ క్షణమునను 3.3 కిలోవాట్లకు మించదు. ఒక్కమారు పెట్టినచో 6.8, వంతుల మీద 3.3. తెల్లవారునప్పటికి నాలుగు బండ్లును సిద్ధముగా నుండును. తెల్లవారుజామున నాలుగింటికే సంతకు పోవలసిన ఆటోకు కారు కంటె ముందు వంతు నిచ్చుట గమనింపుడు. ముందు బయలుదేరు బండికి ముందు వంతు, ఇదియే సూత్రము.

అర్ధరాత్రి లేచి ప్లగ్గులు మార్చువారెవరని అడుగవచ్చును. కారులలో పెక్కింటికి ఛార్జింగు వేళను ముందుగా నిర్ణయించు వీలు కలదు. లేనివానికి టైమరు స్విచ్చి నమర్చవచ్చును. ఆటోయు కారును పొరపాటున గూడ ఒక్కసారి నడువకుండుటకు రెండింటి మధ్య చేంజ్‌ఓవర్ స్విచ్చి పెట్టించిన మేలు. ఒక ప్రక్కకు త్రిప్పిన ఆటోకు, రెండవ ప్రక్కకు త్రిప్పిన కారుకు కరెంటు పోవును. దానిని వాడువారు కారు వంతును వేకువను, ఆటో వెడలిన పిదప, పెట్టుకొనవచ్చును. స్వయముగా భారమును పంచు ఛార్జర్లును విపణిలో నున్నవి. అవి రెండు మూడు కార్లు గల యిండ్లకు తగును.

వంతులు పెట్టినను మంజూరైన లోడు చాలనిచో దానిని పెంచుటకు తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షను కార్యాలయమున దరఖాస్తు చేయవలెను. మీటరు మీ గరిష్ఠ భారమును తనంతట తానే నమోదు చేయుచుండును. దాచి లాభము లేదు. 2022-23 ధరల పట్టికలో గృహములకు స్థిర రుసుము కిలోవాటుకు నెలకు 10 రూపాయలుగా నిర్ణయింపబడినది. లోడు పెంచునప్పుడు ఒకసారి కట్టు రుసుము వేరుగా నుండును. ఇంటిలో తీగ కాలుటవలని నష్టముతో పోల్చిన ఇది పెద్ద ఖర్చు కాదు.

3. తీగ, ఎర్తు, రక్షక స్విచ్చి

ప్రతి పెద్ద బండికి మీటరు బోర్డు నుండి నేరుగా ఒక ప్రత్యేకమైన తీగ వేయింపవలెను. పంకా తీగ నుండి కొమ్మ తీయరాదు. 15 ఆంపియర్ల ప్లగ్గునకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తగును. నీళ్ల మోటారు పది నిమిషములు నడచి ఆగును. బండి గంటల తరబడి నిండుగా కరెంటు లాగుచునే యుండును. పది నిమిషములకు ఓర్చిన సన్నని తీగ మూడు గంటలకు ఓర్వదు. వదులుగానున్న సాకెట్టు మొదట వేడియగును, పిదప నల్లబడును, కడపట కరగును. ఛార్జింగు నడచుచున్న అరగంటకు ప్లగ్గుపై చేయి పెట్టి చూడుడు. చేయి నిలువనంత వేడియున్నచో వెంటనే ఆపి బాగుచేయింపుడు. ఎక్స్‌టెన్షను బోర్డులతో బండ్లకు కరెంటు నిచ్చుట మానవలెను.

ఎర్తు మాట మరి ముఖ్యము. మెదకు ప్రాంతపు చల్క నేలలు వేసవిలో త్వరగా నెండును. ఎండిన నేల కరెంటును గ్రహింపదు. ఎర్తు గుంటను నీడను, నీరు పారుచోట త్రవ్వించి, వేసవిలో వారమున కొకసారి నీరు పోయుచుండవలెను. కొన్ని ఛార్జర్లు ఎర్తు సరిగా లేనిచో పనియే చేయవు. అట్లు ఆగినప్పుడు కొందరు ఎర్తు పిన్నును న్యూట్రలుతో కలిపి యంత్రమును మోసపుచ్చుదురు. యంత్రము మోసపోవును గాని, న్యూట్రలు తెగిన నాడు బండి రేకునంతకును కరెంటు ప్రాకును. దానిని ముట్టినవారి ప్రాణము పోవును.

ఇంతటితో నాగక, ఆర్.సి.సి.బి. అను రక్షక స్విచ్చిని తప్పక పెట్టింపవలెను. కరెంటు తన దారి తప్పి మనుష్యుని శరీరము గుండ భూమిలోనికి పోవుచున్నచో ఇది కనురెప్పపాటున కరెంటును ఆపును. మానవ రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది కావలెను. ఎం.సి.బి. తీగను కాపాడును, ఆర్.సి.సి.బి. మనిషిని కాపాడును. ఒకటి యున్నదని రెండవదానిని విడువరాదు. దానిపై గల పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడుడు.

4. బోరు మోటారు కరెంటు బండికి వాడరాదు

2018 జనవరి 1వ తేది మొదలు మన రాష్ట్రమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఈయబడినది. అంతకు ముందు 2017 జులైలో దీనిని ప్రయోగించి చూచిన జిల్లాలలో పాత మెదకు జిల్లా ఒకటి. బావివద్ద ఉచితముగా లభించు కరెంటుండగా ఇంటి మీటరుపై భారమెందులకని కొందరు తలచుచున్నారు. ఇది రెండు విధముల హాని.

మొదటిది ప్రాణహాని. మోటారు స్టార్టరునకు మూడు ఫేజుల తీగలుండును, పెక్కుచోట్ల న్యూట్రలుండదు. ఒక ఫేజును తీసికొని నేలలో పాతిన కడ్డీనే న్యూట్రలుగా వాడువారు కలరు. అప్పుడు ఆ కడ్డీయు, చుట్టునున్న తడినేలయు కరెంటు మయమగును. పశువులును, పాదరక్షలు లేని కూలీలును ముందుగా దీనికి బలియగుదురు. వోల్టేజి నిలుకడ లేమివలన ఛార్జరును చెడిపోవును.

రెండవది చట్టము. ఒక పనికి మంజూరైన కరెంటును వేరొక పనికి వాడుట 2003 విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగము. వర్తించు ధరకు రెట్టింపు వసూలు చేయుదురు. ఎంతకాలముగా వాడుచున్నారో తేలనిచో పండ్రెండు నెలలకు లెక్క కట్టుదురు. అంతకంటె పెద్ద మాట ఒకటున్నది. సేద్యమునకని ఇచ్చిన సదుపాయమును బండ్లకు మరల్చినచో నిజముగా నీరు పెట్టుకొను రైతు మాటకు విలువ తగ్గును. ఇంటి మీటరుపై సొంత బండ్లను ఛార్జి చేసికొనవచ్చునని కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ 2022 మార్గదర్శకములలో స్పష్టపరచినది. ధర్మమైన దారి తెరచియుండగా దొడ్డిదారి ఏల?

5. బిల్లు ఎక్కడ హద్దు దాటును?

2022-23 పట్టిక ప్రకారము నెలకు 100 దాటి 200 యూనిట్ల వరకు వాడు యింటికి మొదటి నూటికి 3.40, తరువాతి నూటికి 4.80 రూపాయలు. 200 దాటినచో మొదటి యూనిటు నుండియే ధర మారును. మొదటి 200కు 5.10, పిదప 300 వరకు 7.70, 400 వరకు 9.00, 800 వరకు 9.50 రూపాయలు. గృహజ్యోతి పథకమున అర్హులగు వారికి 2024 మార్చి మొదలు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటిన నెలలో మొత్తమునకు చెల్లింపవలెను. కావున 200 అను అంకె కట్టపై నాటిన హద్దురాయి వంటిది.

మన ఉదాహరణపు ఇంట బండ్లు గాక నెలకు 120 యూనిట్లు వాడుదురనుకొందము. రెండు స్కూటర్లకు నెలకు 69 యూనిట్లు. మొత్తము 189. ఇంకను హద్దు లోపలనే యున్నాము. గృహజ్యోతి గలవారికి బిల్లు లేదు, లేనివారికి 767 రూపాయల 20 పైసలు. ఆ స్కూటర్లు నెలకు 1800 కిలోమీటర్లు తిరుగును. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున పెట్రోలు బండ్లకు 36 లీటర్లు కావలెను.

ఇక ఆటోను చేర్చుడు. అది నెలకు 173 యూనిట్లు వాడును. మొత్తము 362, బిల్లు 2348 రూపాయలు. కారును చేర్చినచో మరి 138, మొత్తము 500 యూనిట్లు, బిల్లు 3640 రూపాయలు. అనగా రెండు స్కూటర్లు మీటరుపై సుఖముగా నిముడును. మూడవ బండితో చిక్కు మొదలగును. ఇవన్నియు యూనిట్ల ధర మాత్రమే, ఇతర రుసుములు వేరు.

ఇందులకు పరిహారము కలదు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములను 2024 ఫిబ్రవరిలో సవరించి, బండ్ల ఛార్జింగునకు ప్రత్యేక కనెక్షను పొందు హక్కును వినియోగదారునకు కల్పించిరి. 2022-23 పట్టికలో ఛార్జింగు కేంద్రముల తరగతికి యూనిటు ధర 6 రూపాయలు. ఆ తరగతి మీ ప్రత్యేక మీటరునకు వర్తించినచో ఆటోకును కారుకును కలిపి 311 యూనిట్లకు 1866 రూపాయలగును. ఇంటి బిల్లు 767.20తో కలిపి 2633.20. ఒకే మీటరుపై 3640 కట్టుటకంటె నెలకు వేయి రూపాయలు మిగులును. గృహజ్యోతి గలిగి స్కూటర్లును ఆటోయు నున్న కుటుంబమునకు 2348కి బదులు 1038 మాత్రమే యగును. దరఖాస్తు నాడే ఏ తరగతి వర్తించునో, స్థిర రుసుమెంతో కార్యాలయమున వ్రాతమూలకముగా తెలిసికొని, అప్పటి ధరలతో పై లెక్కను మరల వేసికొనుడు. ఇంటి మీటరుపై ఇతరుల బండ్లకు డబ్బు తీసికొని ఛార్జి చేయుట మాత్రము కూడదు.

6. బండిని ఎచ్చట నిలుపవలెను?

2022 ఏప్రిలులో మన ప్రక్క నిజామాబాదున ఇంటిలోనికి తెచ్చి ఛార్జికి పెట్టిన స్కూటరు బ్యాటరీ రాత్రివేళ పేలి ఒక వృద్ధుడు మృతినొందెను. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఒక గృహస్థు మరణించెను. ఇట్టి ప్రమాదముల పిమ్మట రెండు, మూడు చక్రముల బండ్ల బ్యాటరీలకు ఏ.ఐ.ఎస్. 156 అను ప్రమాణమును కఠినము చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చి నెలలలో రెండు విడతలుగా అమలునకు తెచ్చిరి. అంతకు ముందు తయారైన పాత బండిని చవుకగా కొనువారు బ్యాటరీ సంగతి విచారించి కొనవలెను.

రాత్రి వంతులు పెట్టుమని మేము చెప్పితిమి గనుక స్థలము విషయమున మరింత జాగ్రత్త కావలెను. ఊడదీయు బ్యాటరీని నిద్రించు గదిలోనికి తేరాదు. బయటికి పోవు ఒకే ఒక ద్వారమునకు అడ్డముగా బండిని నిలుపరాదు. గాలి వచ్చు వసారాయో, పైకప్పు గల బయలో తగిన చోటు. గడ్డివామునకు, డీజిలు డబ్బాలకు, ఎరువుల సంచులకు దూరముగా నుండవలెను. పశువుల కొట్టము తగదు. అచ్చటి చెమ్మకును మూత్రపు ఆవిరికిని ప్లగ్గు పిన్నులు తుప్పుపట్టును. వడ్లు నిలువచేయు గదిలో ఎలుకలు తీగలను కొరకును గనుక అచ్చట తీగను గొట్టములో నుంచవలెను.

ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జికి పెట్టక, అరగంట నీడను చల్లారనీయుడు. వానలో తడిసిన ప్లగ్గును తుడిచి ఆరనిచ్చిన గాని తగిలింపరాదు. ఉరుములు మెరుపుల వేళ స్విచ్చి ఆపుట చాలదు, ప్లగ్గునే తీయవలెను. వరదనీట మునిగిన బండిని మెకానికు చూచువరకు ఛార్జి చేయరాదు. బ్యాటరీ ఉబ్బినను, వాసన వేసినను, ఎన్నడును లేనంత వేడెక్కినను కరెంటు ఆపి దూరముగా తొలగి, మనుష్యులను పంపివేసి, అగ్నిమాపక దళమును 101కి పిలువుడు.

7. ఇంటిపై సూర్యశక్తి

పగలు బండ్లు ఇంటనుండు వారికి మరియొక మార్గము కలదు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున ఇంటిపై పలకలు వేసికొనువారికి 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేల చొప్పున, 3 కిలోవాట్లకును ఆ పైనను 78 వేల రూపాయలు సబ్సిడీగా నిర్ణయించిరి. ఒక కిలోవాటు పలకలు మన యెండలో రోజుకు సుమారు 4 యూనిట్లు పండించును. మూడు కిలోవాట్లున్నచో పై నాలుగు బండ్లకు దాదాపు సరిపోవును. అయినను ఇది రెండవ మెట్టు. తీగయు ఎర్తును సరిచేయక పలకలు వేయుట పునాది లేక మిద్దె కట్టుట వంటిది.

సభ్యులు ఈ నెలలోనే చేయదగిన పనులు ఇవి. పాత కరెంటు బిల్లు తీసి మంజూరైన లోడెంతో చూడుడు. బండ్ల ఛార్జర్లపై వ్రాసియున్న వాట్లను కాగితముపై కూడుడు. వంతుల పట్టిక వ్రాసి మీటరు ప్రక్కన అంటింపుడు, ఇంటిలోని పిల్లలకును చదివి వినిపింపుడు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే తీగను, ఎర్తును పరీక్షింపజేసి ఆర్.సి.సి.బి. పెట్టింపుడు. ఇది యంతయు ముగిసిన పిదపనే మూడవ బండికి బయానా ఇయ్యుడు.